ప్రెస్ కిట్ పంపితే పేపర్లో నిజంగా వేస్తారా? అనకాపల్లి నుంచి ఒక ప్రశ్న

బెల్లం_పెనం (అనకాపల్లి జిల్లా), మంగళవారం రాత్రి 9.12

అందరికీ నమస్తే. మాది అనకాపల్లి పక్కన పల్లెటూరు. మామయ్యగారి కాలం నుంచి గానుగ ఉంది. ఆ బెల్లంతో నేనూ మా తోటికోడలూ కలిసి నువ్వుండలు, వేరుశనగ చెక్కీ, బెల్లం గవ్వలు చేసి అమ్ముతున్నాం. మేం వండే బెల్లంలో రంగు కోసం వేసే రసాయనం, హైడ్రోస్, వెయ్యం. అందుకే నల్లగా ఉంటుంది. కొత్తవాళ్లు చూడగానే "ఏంటమ్మా, మాడిపోయిందా?" అంటారు.

యాడ్ ఇచ్చే స్తోమత లేదు. మా అన్నయ్య కొడుకు బీటెక్ చదువుతున్నాడు. "అత్తా, ప్రెస్ కిట్ అని మన వివరాలు, ఫొటోలు అన్నీ కలిపి పంపితే పేపర్లలో ఫ్రీగా వేస్తారు" అని వాడే కూర్చుని పన్నెండు పేజీల పీడీఎఫ్ చేశాడు. గూగుల్ డ్రైవ్ లింక్‌తో నాలుగైదు పేపర్లకి మెయిల్ పెట్టాం. ఉలుకూ లేదు, పలుకూ లేదు. లోపం కిట్‌లో ఉందా, డబ్బులిస్తే తప్ప వెయ్యరా? ప్రెస్ నోట్ మొదలు ఇలా ఉంది:

"నాణ్యతే ప్రాణంగా, ఆరోగ్యమే ధ్యేయంగా, వినియోగదారుల మన్ననలు పొందుతూ అనతికాలంలోనే అగ్రగామిగా ఎదిగిన మా సంస్థ, సంప్రదాయ రుచులను నేటి తరానికి అందించాలనే సదాశయంతో ముందుకు సాగుతోంది..."

డెస్క్_మామ (విజయవాడ), రాత్రి 10.03

అమ్మా, జిల్లా డెస్క్‌లో సబ్‌ఎడిటర్‌గా చాలా ఏళ్లు చేసి రిటైరయినవాణ్ని. మాట కాస్త కటువుగా ఉంటే ఏమీ అనుకోకండి. ఆ పేరాలో మీ సంస్థ పేరు తీసేసి సిమెంటు కంపెనీ పేరు పెట్టినా సరిపోతుంది. చదివినవాడికి మీది బెల్లం వ్యాపారమని కూడా తెలీదు. అసలు వార్త మీరు ఇక్కడ మాకు చెప్పారు గానీ పేపర్‌కి చెప్పలేదు. "మాడిపోయిందా" అని అడుగుతున్నారన్నారు చూశారా, అక్కడి నుంచి ఎత్తుకోవాలి.

డెస్క్ పని ఎలా ఉంటుందో కూడా తెలుసుకోండి. సాయంత్రం అయ్యేసరికి మండలాల నుంచి వార్తలు కుప్పలుగా వచ్చి పడతాయి. కలెక్టర్ సమీక్ష, యాక్సిడెంట్, గుడి ఉత్సవం, ధర్నా అన్నీ ఒకేసారి. పేజీ రాత్రికి వెళ్లిపోవాలి. అలాంటి టైములో పన్నెండు పేజీల పీడీఎఫ్ ఎవరు తెరుస్తారు? తెరిచినా అందులోంచి తెలుగు కాపీ చేస్తే ఒత్తులు ఒక పక్క, గుణింతాలు ఒక పక్క పడతాయి. పాత 'అను' అనే ఫాంట్లలో చేసిన పీడీఎఫ్ అయితే ఇక చెప్పక్కర్లేదు, చైనా భాషలా కనిపిస్తుంది. మళ్లీ మొత్తం టైప్ చేసుకోవాలి. ఎంత మంచి వార్తయినా అక్కడే ఆగిపోతుంది.

యూనికోడ్‌లో, అంటే ఫోన్‌లో మామూలుగా వచ్చే తెలుగులో, టైప్ చేసి నేరుగా మెయిల్ బాడీలో పెట్టండి. వర్డ్ ఫైల్ కూడా జత చేస్తే ఇంకా మంచిది.

పీఆర్_అమ్మాయి (హైదరాబాద్), రాత్రి 10.31

డెస్క్ మామగారితో సగం ఏకీభవిస్తాను. కానీ మీ మేనల్లుడిని తిట్టొద్దు అక్కా. పన్నెండు పేజీలు చేసినా తప్పేం లేదు. దాన్నే ముందు పంపడం వల్ల ఇబ్బంది వచ్చింది. ప్రెస్ కిట్ అంటే విలేకరి "వివరాలు ఉన్నాయా?" అని అడిగినప్పుడు ఇచ్చే సరంజామా. దానికంటే ముందు వెళ్లాల్సింది నాలుగు లైన్ల మెసేజ్. ఎవరు, ఎక్కడ, ఏం చేస్తున్నారు, ఇప్పుడే ఎందుకు రాయాలి. అది నచ్చితేనే కిట్ తెరుస్తారు.

కంపెనీల ప్రచారం చూసే మా పీఆర్ ఆఫీసులో కిట్ అంటే ఒక డ్రైవ్ ఫోల్డర్. అందులో ఒక పేజీ నోట్ తెలుగులో ఒకటి, ఇంగ్లిష్‌లో ఒకటి. ఆరేడు ఫొటోలు. మీరెవరు, ఎప్పుడు మొదలుపెట్టారు, ఎంతమంది పనిచేస్తున్నారు, ఏం ధరకి అమ్ముతున్నారు అనే వివరాల కాగితం. లైసెన్సుల కాపీలు. మాట్లాడేవాళ్ల పేరు, ఫోన్ నంబర్, ఏ టైములో దొరుకుతారు. అంతే.

ఒక్కటి మాత్రం తప్పకుండా చూసుకోండి. లింక్ ఉన్న ఎవరైనా చూడొచ్చు అనే సెట్టింగ్ పెట్టారా లేదా? చాలామంది పెట్టరు. విలేకరి నొక్కగానే "యాక్సెస్ కోసం రిక్వెస్ట్ చేయండి" అని వస్తుంది. అర్ధరాత్రి మీరు లేచి పర్మిషన్ ఇచ్చేలోపు వాళ్లు వేరే వార్తకి వెళ్లిపోతారు. మీ ఫోన్‌లో కాకుండా వేరేవాళ్ల ఫోన్‌లో తెరిచి చూడండి.

మండల_విలేకరి (ఉత్తరాంధ్ర), రాత్రి 11.20

డబ్బులిస్తే తప్ప వెయ్యరా అని అడిగారు కాబట్టి రాస్తున్నా. నేను మండల కంట్రిబ్యూటర్‌ని. ఏ పేపరో చెప్పను. మాకు జీతం ఉండదండి. వచ్చిన వార్తల కొలతని బట్టి లైన్ అకౌంట్ వస్తుంది, అది పెట్రోల్‌కి కూడా చాలదు. పైగా యాడ్ టార్గెట్ ఉంటుంది. పేపర్ వార్షికోత్సవం, ఆగస్టు 15, జనవరి 26, సంక్రాంతి వస్తే చాలు, షాపుల చుట్టూ తిరగాలి. ఇవాళ మీ వార్త రాసినవాడు రేపు "అమ్మా, చిన్న శుభాకాంక్షల యాడ్" అని వస్తే ఆశ్చర్యపోవద్దు.

అంతమాత్రాన ప్రతి వార్తా డబ్బులకే వస్తుందనుకోకండి. మంచి హ్యూమన్ ఇంటరెస్ట్ స్టోరీ దొరికితే మాక్కూడా పేరు. జిల్లా పేజీలో బాక్స్ ఐటమ్ పడితే మా స్టాఫ్ రిపోర్టర్ దగ్గర మాట చెల్లుతుంది. మీరు హైదరాబాద్ ఆఫీసుల మెయిల్‌కి పంపి ఉంటారు, అది ఎవరి కంటా పడదు. మీ మండలంలో ఎవరు రాస్తున్నారో కనుక్కోండి. గానుగ ఆడుతున్నప్పుడు రమ్మనండి, వేడి వేడి పానకం ఇవ్వండి, చాలు.

గుంటూరు_గట్టిమాట, రాత్రి 11.48

"చిన్న శుభాకాంక్షల యాడ్" అంటే ఏంటి బ్రదర్? వార్తకి ఫీజే కదా, పేరు మార్చి పెట్టారు. మాకు తెలిసిన హోటల్ ఓపెనింగ్‌కి ప్రెస్ మీట్ పెడితే ప్రతివాడి చేతికీ డబ్బుల కవర్ ఇవ్వాల్సొచ్చింది. ఇదా ఫ్రీ పబ్లిసిటీ?

మండల_విలేకరి (ఉత్తరాంధ్ర), బుధవారం ఉదయం 6.50

కవర్లు పంచేవాడు పంచుతున్నాడు కాబట్టే తీసుకునేవాడు తీసుకుంటున్నాడు సార్. నేను వెనకేసుకు రావట్లేదు. బెల్లం వండే అక్కకి ప్రెస్ మీట్ ఎందుకు అసలు? హాలు అద్దె, టీలు, బిస్కెట్లు, వచ్చినవాళ్లంతా ఒకే మాట రాసుకుని వెళ్తారు. చివరికి సింగిల్ కాలమ్‌లో "ప్రారంభం" అని పడుతుంది.

డెస్క్_మామ (విజయవాడ), ఉదయం 7.35

గట్టిమాట గారూ, మీ కోపంలో న్యాయం ఉంది. డబ్బు తీసుకుని వార్తలా వేయడం మీద ప్రెస్ కౌన్సిల్ 2010లోనే పెద్ద నివేదిక ఇచ్చింది, అది ఎన్నికల వార్తల గొడవలో వచ్చింది. వ్యాపారాల విషయానికొస్తే తేడా ఇలా గుర్తుపెట్టుకోండి. డబ్బిచ్చి వేయించుకున్న పేజీ మీద "ప్రకటన" అనో "అడ్వర్టోరియల్" అనో ఉండాలి. అలా వేస్తే అది మామూలు వ్యాపారం, తప్పులేదు. ఆ మాట లేకుండా వార్తలా వేస్తామని బేరమాడితే మర్యాదగా తప్పుకోండి.

తర్వాత పండక్కి యాడ్ అడిగితే? వీలైతే ఇవ్వండి, లేకపోతే "ఈసారి కాదు బాబూ" అనండి. అన్నంతమాత్రాన ఆకాశం ఊడిపడదు. ముందే మాటివ్వడం మాత్రం వద్దు.

డాలస్_సుబ్బు (టెక్సాస్), ఉదయం 8.10

ఇక్కడ రాత్రి, కూర్చుని చదువుతున్నా. ప్రెస్ నోట్ పుట్టుక గురించి ఒక కథ. 1906 అక్టోబర్ 28న అట్లాంటిక్ సిటీ దగ్గర పెన్సిల్వేనియా రైల్‌రోడ్ రైలు వంతెన మీద నుంచి నీళ్లలో పడింది. యాభై మందికి పైగా పోయారు. అప్పటిదాకా రైలు కంపెనీలు ప్రమాదం జరిగితే దాచిపెట్టేవి. వాళ్ల దగ్గర పనిచేస్తున్న ఐవీ లీ అనే ఆయన జరిగింది జరిగినట్టు కాగితం మీద రాసి విలేకరులకి పంచాడు. న్యూయార్క్ టైమ్స్ దాన్ని ఉన్నదున్నట్టు అచ్చేసింది. మొదటి ప్రెస్ నోట్ అదేనంటారు. అందులో "అగ్రగామి" లేదు, "సదాశయం" లేదు.

ఇక్కడ ఇంకో పద్ధతి ఉంది. విలేకరులే "ఫలానా విషయం మీద మాట్లాడేవాళ్లు కావాలి" అని అడిగే సర్వీసులు. 2008లో మొదలైన హారో అలాంటిదే. మధ్యలో పేరు మార్చుకుంది, మూతపడింది, మళ్లీ తెరిచారు. మన దగ్గర జర్నలిస్టుల వాట్సాప్ గ్రూపులే ఆ పని చేస్తున్నాయనుకుంటా.

బెల్లం_పెనం, ఉదయం 9.25

అమ్మో, ఇంతమంది రాశారు. డ్రైవ్ లింక్ మా తోటికోడలి ఫోన్‌లో తెరిచి చూశాను. నిజంగానే పర్మిషన్ అడిగింది! వాడికి చెప్పాను, నాలుక కరుచుకున్నాడు.

మా కిట్‌లో నాలుగో పేజీలో "ప్రయోజనాలు" అని ఉంది. "షుగర్ పేషెంట్లు కూడా నిశ్చింతగా తినవచ్చు, రక్తం పడుతుంది, క్యాన్సర్ రాకుండా కాపాడుతుంది, 100 శాతం ఆర్గానిక్". ఇవి పెద్దగా హైలైట్ చేస్తే పేపర్‌వాళ్లు ఆకర్షితులవుతారా?

లేబుల్_లెక్క (విశాఖ), ఉదయం 9.41

అమ్మా, ముందు ఆ పేజీ చించేయండి! ఆహార లైసెన్సుల పనే నాది, చూస్తూ ఊరుకోలేను.

బెల్లంలో ఎక్కువ భాగం ఉండేది సుక్రోజే, పంచదారలో ఉన్నదే. షుగర్ ఉన్నవాళ్లు నిశ్చింతగా తినొచ్చని రాయడం ప్రమాదం. షుగర్, క్యాన్సర్ లాంటి జబ్బులు నయమవుతాయని, రాకుండా ఆపుతాయని ప్రచారం చేస్తే 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం కిందికి వస్తుంది. ఆహారం గురించి తప్పుదారి పట్టించే ప్రకటన ఇస్తే 2006 ఆహార భద్రత చట్టంలో 10 లక్షల రూపాయల దాకా జరిమానా ఉంది. "ఆర్గానిక్" అనాలంటే సర్టిఫికెట్ ఉండాలి. మీ చెరకు తోటలకి అది ఉందా? లేకపోతే ఆ మాటే వద్దు.

"విలేకరి రాశాడు, నేను కాదు" అంటే కుదరదు. ఆ మాట మీ కిట్‌లోనే ఉంది కదా. కిట్ అంటే మీ సంతకంతో వెళ్లే కాగితం అనుకోండి.

రాయాల్సింది ఏంటంటే, మీ 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ (ఆహార లైసెన్సు) నంబర్, ప్యాకెట్‌లో ఏమేం వేస్తారు, ఎన్నాళ్లు నిల్వ ఉంటుంది. "మేం హైడ్రోస్ వెయ్యం" అనడం మీరు చేసే పని గురించి చెప్పడమే, అది రాయొచ్చు. దానికి ల్యాబ్ రిపోర్ట్ జతచేస్తే విలేకరికి ధైర్యం.

గుంటూరు_గట్టిమాట, ఉదయం 10.02

యూట్యూబ్‌లో రోజుకొకడు కాకరకాయ రసంతో కిడ్నీలు బాగుచేస్తున్నాడు, వాళ్లనెవరూ అడగరు గానీ పాపం ఈవిడ నువ్వుండల మీద పడ్డారు.

లేబుల్_లెక్క (విశాఖ), ఉదయం 10.09

వాళ్లకి షాపు అడ్రస్ లేదు. ఈవిడకి ఉంది.

బెల్లం_పెనం, ఉదయం 11.30

ఆర్గానిక్ సర్టిఫికెట్ లేదండి. తీసేయించాను. ల్యాబ్ టెస్ట్‌కి ఇస్తాం.

హైడ్రోస్ గురించి ఇంకో భయం ఉంది. మా చుట్టుపక్కల గానుగలవాళ్లంతా మావాళ్లే. వాళ్లు కొంచెం హైడ్రోస్ వేస్తారు, వెయ్యకపోతే మార్కెట్‌లో దిమ్మకి ధర రాదు. పసుపుపచ్చగా మెరిసే బెల్లానికే వేలంపాటలో రేటు. "హైడ్రోస్ విషం" అని పేపర్లో పడితే ఊళ్లో తలెత్తుకు తిరగలేం.

డెస్క్_మామ (విజయవాడ), మధ్యాహ్నం 12.15

ఇదిగో, అసలు స్టోరీ ఇదే. మీరు దీన్ని భయం అంటున్నారు, ఫీచర్స్ డెస్క్ దీన్ని లీడ్ స్టోరీ అంటుంది. నల్ల బెల్లానికి ధర రాదు, పచ్చ బెల్లానికే వస్తుంది, కాబట్టి రైతు హైడ్రోస్ వేస్తాడు. కొనేవాడు రంగు చూసి కొంటున్నాడు, అమ్మేవాడు రంగు కోసం వేస్తున్నాడు. మీరు ఆ నల్ల బెల్లాన్ని మార్కెట్‌కి తీసుకెళ్లకుండా ఉండలు చుట్టి అమ్ముతున్నారు. ఎవర్నీ విలన్ చెయ్యక్కర్లేదు. పక్క గానుగ పెద్దాయన్ని కూడా మాట్లాడించమనండి, "ఏం చేస్తామమ్మా, రంగు లేకపోతే పాటలో అడగరు" అని ఆయన నోటితోనే చెప్పనివ్వండి. హైడ్రోస్ ఏంటి, ఎందుకు వేస్తారు అన్నది అనకాపల్లి వ్యవసాయ పరిశోధన స్థానం శాస్త్రవేత్తలు చెబితే సరిపోతుంది. వాళ్లు చెరకు, బెల్లం మీదే పనిచేస్తారు. అప్పుడది మీ ఊరి బెల్లం కథ అవుతుంది. మీ సంస్థ అందులో ఉంటుంది, అంతే.

మొదటి పేరా నేనైతే ఇలా రాసేవాణ్ని:

"బెల్లం దిమ్మ పచ్చగా మెరిస్తేనే అనకాపల్లి మార్కెట్‌లో మంచి ధర. ఆ మెరుపు కోసం వేసే హైడ్రోస్‌ను వద్దనుకున్న ఇద్దరు తోటికోడళ్లు తమ గానుగలో వండిన నల్ల బెల్లాన్ని మార్కెట్‌కు పంపడం మానేశారు. నువ్వుండలు, చెక్కీ, గవ్వలుగా మార్చి అమ్ముతున్నారు. 'మాడిపోయిందా అని అడిగినవాళ్లే మళ్లీ వచ్చి కొంటున్నారు' అంటున్నారు వారు."

మళ్లీ వచ్చి కొనడం నిజమైతేనే చివరి వాక్యం ఉంచండి. తర్వాత పేరాలో ఎంతమంది పనిచేస్తున్నారు, నెలకి ఎన్ని కిలోలు, ఎక్కడ అమ్ముతున్నారు. ఎక్కడా "ప్రముఖ" అనే మాట ఉండకూడదు. ప్రముఖులు ఎవరో పేపర్‌వాళ్లు నిర్ణయిస్తారు.

పోచంపల్లి_పడుగు (యాదాద్రి భువనగిరి జిల్లా), మధ్యాహ్నం 1.40

అక్కా, మాది ఇక్కత్ మగ్గం. ఒక ముచ్చట చెప్తా. 2021లో మా పోచంపల్లిని ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ ఉత్తమ పర్యాటక గ్రామంగా ఎంపిక చేసింది. ఆ వార్త వచ్చిన మర్నాడు కెమెరాలు పట్టుకుని ఊళ్లోకి ఎంతమంది వచ్చిండ్రో! అందరికీ కావాల్సింది ఒకటే: మగ్గం మీద మనిషి, పక్కన మాట్లాడేందుకు ఇంకో మనిషి, చీర ఎన్ని రోజులు పడుతుందో చెప్పే లెక్క. ఫొటోలు, వివరాలు ఫోన్‌లో సిద్ధంగా పెట్టుకున్న వాళ్లవే టీవీలో, పేపర్‌లో వచ్చినయి. మంచి పనివాళ్లు చాలామంది ఉన్నరు, కానీ "రేపు రండి" అన్నోళ్ల ఇంటికి ఎవరూ మళ్లీ పోలేదు.

ఇప్పుడు మేం ఏటా ఆగస్టు 7 చేనేత దినోత్సవానికి జులై నెలాఖరులోనే పంపుతం. ఆ రోజు ప్రతి పేపర్‌కీ చేనేత మీద ఏదో ఒకటి కావాలె. వాళ్లు వెతుక్కునే టైముకి మనం చేతిలో ఉండాలె. మీకు బెల్లం అంటే సంక్రాంతి ఉండనే ఉంది కదా, అరిసెలకి బెల్లం లేకుండా పండగే లేదు.

పీఆర్_అమ్మాయి (హైదరాబాద్), మధ్యాహ్నం 2.05

పడుగు అన్న చెప్పింది వందశాతం కరెక్ట్. సంక్రాంతి ఫీచర్లు పండగ వారంలో ఆలోచించరు, చాలా ముందే ప్లాన్ చేసుకుంటారు. ఆదివారం అనుబంధాలైతే ఇంకా ముందే ముగిసిపోతాయి. ఇప్పుడు నవంబర్, సరైన టైము. ఇది తప్పితే మీకు మళ్లీ ఉగాది ముందు నూకాలమ్మ కొత్త అమావాస్య జాతర ఉంది, అప్పుడు అనకాపల్లి మీద ఎలాగూ పేజీలు వస్తాయి.

ఎవరికి పంపాలన్నది కూడా ఆలోచించండి. ఈనాడు వసుంధర, సాక్షి ఫ్యామిలీ, ఆంధ్రజ్యోతి నవ్య లాంటి పేజీలకి "ఇద్దరు తోటికోడళ్లు" అనే కోణం. జిల్లా పేజీకి "బెల్లం ధర, రంగు" అనే కోణం. ఆకాశవాణి విశాఖ కేంద్రంలో రైతుల కార్యక్రమాలకి "నల్ల బెల్లానికి విలువ జోడించడం" అనే కోణం, రేడియోని ఎవరూ పట్టించుకోరు గానీ ఊళ్లలో వింటారు. ఒకే నోట్ అందరికీ ఒకేసారి కొట్టేస్తే ఫీచర్ పేజీలవాళ్లు నొచ్చుకుంటారు. వాళ్లకి "ముందు మీకే చెబుతున్నాం" అని ఒక్కరికే పంపి, వారం పది రోజులు ఆగి, కాదంటే ఇంకొకరికి.

లెన్స్_గోదారి (రాజమండ్రి), సాయంత్రం 4.30

ఫొటోల గురించి ఎవరూ మాట్లాడలేదేంటి? సగం ఐటమ్‌లు పడేది ఫొటో వల్లే.

ప్యాకెట్లు వరసగా పేర్చి, పక్కన లోగో పెట్టి, పైన పూలు చల్లిన ఫొటో పంపితే అది యాడ్‌లా ఉంటుంది, వెయ్యరు. పెనంలో పాకం పొంగుతున్నప్పుడు, ఆవిరి లేస్తుంటే, గరిటెతో కలుపుతున్న మీ ఇద్దరి మొహాలూ కనిపించేలా తీయండి. ఉదయం పూట ఎండ పక్క నుంచి పడితే ఆవిరి బాగా తెలుస్తుంది. మధ్యాహ్నం తీస్తే మొహాలు నల్లగా పడతాయి. రెండో ఫొటో, మీ నల్ల బెల్లం ముక్క, మార్కెట్ పచ్చ బెల్లం ముక్క ఒకే పళ్లెంలో. అదొక్కటీ మొత్తం కథ చెప్పేస్తుంది. అడ్డంగా ఉండేవి, నిలువుగా ఉండేవి రెండూ పంపండి, పేజీలో ఏ ఖాళీ దొరుకుతుందో ఎవరికి తెలుసు.

వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫొటో నలిగిపోతుంది. డాక్యుమెంట్‌గా పంపండి. ఫిల్టర్లు, బ్యూటీ మోడ్ వద్దు, మీద అక్షరాలు రాయొద్దు. ఫైల్ పేరు "ఐఎంజీ 4432" అని కాకుండా ఊరి పేరుతో పెట్టండి. ఫొటోలో ఎడమ నుంచి కుడికి ఎవరెవరో కింద రాయండి. స్టూడియో వాళ్లతో తీయిస్తే "పేపర్లకి వాడుకోవచ్చు" అని వాళ్ల దగ్గర ఒక మాట రాయించుకోండి, తర్వాత గొడవ ఉండదు. పనిచేసే అమ్మాయిల్ని కూడా ముందే అడగండి, కొందరికి పేపర్లో పడటం ఇష్టం ఉండదు.

గుంటూరు_గట్టిమాట, సాయంత్రం 5.15

సరే, అన్నీ చేశారనుకుందాం. పేపర్లో పడింది. ఫోన్ నంబర్ వెయ్యరు కదా! నంబర్ వేస్తే యాడ్ అంటారు. చదివినవాడు మెచ్చుకుని పేజీ తిప్పేస్తాడు. నువ్వుండలు ఎవడు కొంటాడు?

పీఆర్_అమ్మాయి (హైదరాబాద్), సాయంత్రం 5.50

మంచి ప్రశ్న. నంబర్ వెయ్యకపోవచ్చు, కానీ ఊరి పేరు, బ్రాండ్ పేరు వేస్తారు. చదివినవాళ్లు చేసేది ఒక్కటే, గూగుల్‌లో కొడతారు. అక్కడ మీరు కనిపించాలి. కిట్ పంపేముందే గూగుల్ మ్యాప్స్‌లో బిజినెస్ ప్రొఫైల్ పెట్టండి, ఖర్చు లేదు. నోట్‌లో బ్రాండ్ పేరు ఎలా రాశారో ప్యాకెట్ మీదా, మ్యాప్స్‌లోనూ, ఇన్‌స్టాలోనూ అచ్చం అలాగే ఉండాలి. తెలుగులో ఒకలా, ఇంగ్లిష్‌లో మూడు రకాల స్పెల్లింగులతో ఉంటే దొరకదు. మీ ఫోన్ అక్కడ ఉంటుంది.

ఇంకోటి, వచ్చిన వార్త క్లిప్పింగ్‌ని రేపు సూపర్ మార్కెట్ వాళ్ల దగ్గరికి, బ్యాంక్ మేనేజర్ దగ్గరికి తీసుకెళ్లండి. నా క్లయింట్లలో చాలామందికి పాఠకుల కంటే ఆ కాగితం చూపించినచోటే ఎక్కువ పనయింది.

డెస్క్_మామ (విజయవాడ), సాయంత్రం 6.20

క్లిప్పింగ్ చూపించండి గానీ ప్యాకెట్ మీద పేపర్ లోగో అచ్చేయకండి. పేపర్‌వాళ్లు ఒప్పుకోరు.

అడ్మిన్, సాయంత్రం 6.25

సభ్యులకు మనవి: విలేకరుల వ్యక్తిగత నంబర్లు ఇక్కడ పెట్టొద్దు. రెండు పోస్టులు తొలగించాం.

బెల్లం_పెనం, డిసెంబర్, శనివారం రాత్రి 8.45

చాలా రోజుల తర్వాత వచ్చాను, క్షమించండి. గానుగ మొదలైంది, ఊపిరి సలపట్లేదు.

కిట్ మొత్తం మార్చాం. నోట్ ఒక్క పేజీకి వచ్చింది. డెస్క్ మామయ్యగారు రాసిన పేరాయే పెట్టాం, "వారు" తీసి మా పేర్లు రాశాం. మళ్లీ వచ్చి కొంటున్నవాళ్లు ఉన్నారు కాబట్టి ఆ వాక్యం ఉంచాం. ల్యాబ్ రిపోర్ట్ వచ్చింది, అదీ పెట్టాం. ఒక పేపర్ మహిళల పేజీ నుంచి ఫోన్ వచ్చింది. ఆ అమ్మాయి గంటసేపు మాట్లాడింది, అత్తగారి గురించి కూడా అడిగింది! ఇంకా రాలేదు. మా మండల విలేకరి మాత్రం గానుగ దగ్గరికి వచ్చి రాసుకెళ్లారు, మొన్న జిల్లా పేజీలో పడింది. పళ్లెంలో రెండు ముక్కల ఫొటోనే వేశారు, పెద్దగా. మా మొహాలు రాలేదని తోటికోడలు అలిగింది.

ఒక తప్పు పడింది. మా ఊరు "విశాఖ జిల్లా" అని వేశారు. 2022 నుంచి అనకాపల్లి జిల్లాయే కదా. ఫోన్ చేసి అడగనా, ఏమైనా అనుకుంటారా?

మండల_విలేకరి (ఉత్తరాంధ్ర), రాత్రి 9.05

అక్కా, అచ్చయిన పేపర్ని వదిలేయండి, జిల్లా పేరుకి సవరణ వెయ్యరు. వెబ్‌సైట్‌లో కూడా వస్తే మాత్రం అక్కడ మార్చమని మెసేజ్ పెట్టండి, వెంటనే మారుస్తారు. కోపంగా కాదు, "వార్త చాలా బాగా రాశారు, ఒక్క చిన్న సవరణ" అని. మహిళల పేజీ అమ్మాయికి కూడా జిల్లా పేరు ఇప్పుడే స్పష్టంగా పంపండి. వాళ్లు జిల్లా పేజీ చూసి అదే తప్పు ఎత్తుకునే ప్రమాదం ఉంది.

డెస్క్_మామ (విజయవాడ), రాత్రి 9.30

శుభం. ఆ అమ్మాయికి రోజూ ఫోన్ చేసి "ఎప్పుడు వేస్తారు" అని అడక్కండి. పండగ వారం దాకా ఆగి ఒక్క మెసేజ్. జిల్లా పేజీలో వచ్చిందన్న సంగతి మీరే చెప్పేయండి. వాళ్లు తర్వాత చూసి "ముందే వచ్చేసిందే" అనుకోవడం కంటే మీ నోటితో వింటే నయం. కోణం వేరు కాబట్టి వేస్తారనే అనుకుంటున్నా.

కరీంనగర్_వెల్డింగ్, రాత్రి 10.10

మొత్తం చదివిన. బెల్లం, చీరలు అంటే అందరికీ ఇష్టమే. మాది గేట్లు, గ్రిల్స్ చేసే షాపు. నాకేం ప్రెస్ కిట్, ఎవరు రాస్తరు?

డెస్క్_మామ (విజయవాడ), రాత్రి 10.22

గేటు గురించి ఎవరూ రాయరు తమ్ముడూ, నిజమే. మీ దగ్గర ఎవరు పనిచేస్తున్నారు? ఐటీఐ పిల్లలకి నేర్పిస్తున్నారా? రైతుల కోసం ఏదైనా పనిముట్టు చేసిచ్చారా?

కరీంనగర్_వెల్డింగ్, రాత్రి 10.31

వరి కల్లంలో వడ్లు ఎగదోసే పార ఒకటి చేసిన, చక్రాలు పెట్టి. ఆడవాళ్లు కూడా నెట్టొచ్చు. ఊళ్లో పది మంది కొన్నరు. అది వార్తనా?

డెస్క్_మామ (విజయవాడ), రాత్రి 10.33

ఆ పార పట్టుకుని నెడుతున్న ఆవిడ ఫొటో, కొన్నవాళ్లలో ఇద్దరి పేర్లు, ధర, బరువు పంపండి. వేరే థ్రెడ్ తెరవండి, ఇది బెల్లం వాళ్లది. వడ్ల కొనుగోళ్లు ఇంకా నడుస్తున్నాయి కదా, రేపే తెరవండి.